మేక మేసిన మిద్దె

అనగనగా, పెద్ద గాలివాన వచ్చిన మరుసటి ఏడు, వలిసెపూలు పూసే కాలం. అడవిలో ఒక కొండ ఊళ్ళో సొనాయి అనే పిల్ల ఉండేది బుజ్జులూ. పట్నం వెళ్ళి ఇళ్ళు గీసే చదువు చదివొచ్చింది. పొద్దున్నే మంచం మీంచి సూర్యుణ్ణి చూసేలా గాజుగోడ ఇల్లు కట్టుకోవాలని ఆమె ఆశ.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. కొండ కొసన అమ్మవారి రాయి. కొత్త పంట తొలి గుప్పెడు అమ్మవారికి పెట్టే కొత్తల పండగనాడు ఆ రాయి పక్కన నిలబడి చూస్తే, పచ్చదనం తప్ప ఇంకేం కంటికి ఆనకూడదు. ఆనితే ఆ ఇల్లు పీకాల్సిందే. అందుకే ఊరి ఇళ్ళన్నీ కొండకి అవతలి పక్కన ఉంటాయి. సొనాయి స్థలమేమో ఇవతల!

"ఇటు కట్టకే పిల్లా, పీకించేస్తా" అన్నాడు ఊరిపెద్ద సోమ్రు తాత.

"నీ కంటికి ఆనితే కదా తాతా!" అంది సొనాయి.

అప్పుడు ఒక్క చెట్టూ కొట్టకుండా, మద్దిచెట్ల సందుల్లోంచి పాములా వంకరగా ఇల్లు లేపింది. తాత రాయి దగ్గరికెక్కి చూశాడు. "ఎర్రపెంకు కనిపిస్తోందే!" అన్నాడు. సొనాయి పెంకు దించేసింది. మిద్దె వేసి, మట్టి పోసి, కొండవాలుతో కలిపేసి, గడ్డి నాటింది.

ఆ తర్వాత తాత మళ్ళీ ఎక్కాడు. "గాజు తళుక్కుమంటోందే. అమ్మవారి కళ్ళు చెదరవూ?"

సొనాయి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు గాజుగోడ తనే ఊడదీసింది. తూర్పున రాతిగోడ కట్టి తీగలు పాకించింది. గాజుని ఉత్తరానికి, చూరు నీడలోకి మార్చింది.

ఆ తర్వాత వానలు కురిశాయి. గడ్డి మోకాలెత్తు లేచింది. పండగొచ్చింది. ఊరంతా కొండెక్కింది. తాత నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. చెట్లు. గడ్డి. గడ్డిలో ఒక మేక.

"ఇల్లేదే? భయపడి పీకేసుకుందా ఏం?" అన్నాడు.

కిందనుంచి సొనాయి కేకేసింది. "పీకలేదు తాతా! ముందు నీ మేకని తోలుకుపో, నా మిద్దె మేసేస్తోంది!"

ఊరంతా పకపకా నవ్వింది. డప్పులు మోగాయి. తాత కొండ దిగొచ్చి, తొలి గుప్పెడు కొత్త సామలు ఆ మిద్దె మీదే చల్లాడు.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. మంచం మీంచి సూర్యుడు మాత్రం కనబడడు.

కథేమో కంచికి,
మేకేమో మిద్దెకి,
నువ్వేమో నిద్దరకి.