దారి చూపిన ఈదమ్మ

అనగా అనగా ఒక కొండ. ఏ కొండ అని అడక్కండి, చెప్పను. ఎందుకు చెప్పనో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది. ఆ కొండ కింద ఒక కోట, ఆ కోటలో ఒక దొర. దొర పేరు కూడా చెప్పను. తెలియక కాదు, ఆ పేరు నోట్లోకి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. కొండ మీద ఎనిమిది గుడిసెలు. ఒక గుడిసెలో ఒక ముసలిది ఉండేది. ఆమె పేరు ఈదమ్మ. ఆ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి.

ఈదమ్మ గడ్డలు తవ్వుకుని బతికే మనిషి. ఆమెకున్నవి ఒక తవ్వుడు కర్ర, ఒక గంప, ఒక నోరు. నోరు మాత్రం కొంచెం పెద్దది. తీగ పట్టుకుని వెతుక్కుంటూ పోయి, మోకాలి లోతు తవ్వి, గడ్డను పైకి తీసేది. గడ్డ తల కోసి, తీగతో సహా మళ్లీ ఆ గుంటలోనే పెట్టేది. మన్ను కప్పి మడమతో తొక్కేది. తొక్కుతూ ఒక మాట అనేది.

"తినేది నేను, ఉండేది నువ్వు."

వాళ్లమ్మ అన్న మాటే, వాళ్లమ్మమ్మ అన్న మాటే. ఆ మాట అన్నన్నాళ్లు, చినుకు పడని ఏడు కూడా కొండవాళ్లు ఆకలికి చావలేదు. కింద ఊళ్లల్లో గింజ పండకపోయినా కొండ మీద గడ్డ ఊరేది. అందుకని దాన్ని గడ్డల కొండ అనేవాళ్లు. అట్లాంటి పేరున్న కొండలు నూరున్నాయి, వెతుక్కోండి.

వయసులో ఉన్నప్పుడు ఈదమ్మ తేనె మోసుకుని, ఉప్పు కోసం సముద్రం దాకా నడిచేది. కొండ దిగి, గడ్డి బీడు దాటి, మడ అడవిలోంచి పోయేది. ఏ చెట్టు ఏ మన్నులో నిలబడుతుందో, ఏ పిట్ట ఎక్కడ గుడ్డు పెడుతుందో ఆమె కాళ్లకు తెలుసు. బీడులో గొర్రెలు కాసే బీరన్న ఆమెకు అన్న వరస. మడ అడవిలో పీతలు పట్టే నూకాలు ఆమెను వదినా అని పిలిచేది. ఇద్దరూ ఆమె వస్తే కడుపు నిండా పెట్టి పంపేవాళ్లు.

ఇట్లా ఉండగా పక్క కోట దొర తన పెరట్లో రెండు జింకల్ని కట్టేసుకున్నాడట. అది విని మన దొరకు కడుపు మండింది. "వాడికి రెండు జింకలుంటే నాకు అడవంతా ఉండాలి. కోట వెనక తోట వేస్తా. అందులో కొండా ఉండాలి, బీడూ ఉండాలి, సముద్రపు ఒడ్డూ ఉండాలి" అన్నాడు. తిన్నది అరక్కపోతే కోరికలు ఇట్లాగే పుడతాయి.

దొర దివాను శరభయ్య గుర్రమెక్కి గుడిసెల దగ్గరికి వచ్చాడు. మిగతావాళ్లు గడ్డలకు పోయారు, ఈదమ్మ ఒక్కతే ఉంది.

"ఏమే ముసలీ, అడవులన్నీ నీకు తెలుసట గదా. మూడు చోట్లు చూపించు. పై లోయ, గడ్డి బీడు, మడ అడవి. చూపిస్తే దొర మీ గడ్డల కొండ జోలికి రాడు. చూపించకపోతే రేపే గొడ్డళ్లు వస్తాయి."

ఈదమ్మ ఎనిమిది గుడిసెల వైపు చూసింది. నా కొండ నాకుంటే చాలనుకుంది. కర్ర పట్టుకుని ముందు నడిచింది, వెనక శరభయ్య, దొర బంట్లు. నేను ఆమె వంశపు మనిషినే. అయినా చెప్తున్నా, తప్పు అక్కడే చేసింది.

నడిచారు, నడిచారు, మూడు రోజులు నడిచి పై లోయకు చేరారు. అక్కడ మధ్యాహ్నం కూడా ఎండ నేలకు తగలదు. రాళ్ల మీద నాచు తడితడిగా ఉంటుంది. మానుల భుజాల మీద, మన్ను అనేదే లేకుండా, గాలి తాగి పూలు పూస్తాయి. మూరెడు తోకున్న ఎర్ర కొండ ఉడుత ఆ కొమ్మ నుంచి ఈ కొమ్మకు దూకి పోతుంటుంది.

"ఒకటి తీసుకోండి. తల్లిని వదిలెయ్యండి" అంది ఈదమ్మ.

బంట్లు నవ్వారు. మానులెక్కి పూల గుత్తులన్నీ చీరారు. వలలు వేసి ఉడుతల్ని పట్టారు. పిల్లలున్న గూళ్లు కింద పడితే వాటిని చూసినవాడు లేడు.

"ఒరే, ఒకటే అన్నా గదరా! మీ చేతులు పడిపోను!" అని ఈదమ్మ అరిచింది.

"దారి చూపించడం వరకే నీ పని" అన్నాడు శరభయ్య.

నడిచారు, నడిచారు, మూడు రోజులు నడిచి గడ్డి బీడుకు చేరారు. కంటికి ఆనినంత దూరం గడ్డి, నడుమ నడుమ రేగు పొదలు. ఏమీ లేని చోటు అంటారు చూడటం రానివాళ్లు. అందులోనే బట్టమేక పిట్ట ఉంటుంది, మనిషి నడుము దాకా వచ్చే పిట్ట. అది చెట్టెక్కదు, గూడు కట్టదు. వట్టి నేల మీద ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టి, దాని మీద కూర్చుంటుంది.

"దీన్ని ముట్టకండి. ఇక్కడ ఒకటి తియ్యడమంటే ఉన్నదంతా తియ్యడమే" అంది ఈదమ్మ.

వినలేదు. వల విసిరి పిట్టను పట్టారు, గుడ్డు తీసి గడ్డిలో చుట్టారు. నాలుగు బండ్ల నేల గడ్డితో సహా చెక్కి ఎత్తుకున్నారు. దూరం నుంచి బీరన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. గొంగడి భుజం మీంచి జారుతోంది.

"ఈదమ్మా! ఈ నా కొడుకులకు దావ సూపిచ్చింది ఎవురు?"

ఈదమ్మ నేల చూసింది. "నాకు తెలీదన్నా" అంది. అబద్ధం ఆడింది.

నడిచారు, నడిచారు, మళ్లీ మూడు రోజులు నడిచి మడ అడవికి చేరారు. అక్కడ నేలకూ నీళ్లకూ సరిహద్దు ఉండదు. చెట్లు ఉప్పునీళ్లు తాగి ఆకుల మీద ఉప్పు కక్కుతాయి. వేళ్లు ఊపిరి కోసం బురదలోంచి పైకి లేస్తాయి. కాయ చెట్టు మీదే మొలకెత్తి, మొలకై జారి బురదలో గుచ్చుకుంటుంది. నీటిపిల్లి ఒడ్డున కూర్చుని పంజాతో చేపలు కొడుతుంది.

"ఈ చెట్లు పడితే సముద్రం ఊళ్లోకొస్తుంది. రాలిన మొలక ఒకటి ఏరుకోండి, చాలు" అంది ఈదమ్మ.

వాళ్లు చెట్లనే వేళ్లతో పెకలించారు. పడవల నిండా వేసుకున్నారు. నీటిపిల్లిని బోనులో పెట్టారు. నూకాలు బురదలో మోకాళ్ల దాకా దిగబడుతూ వచ్చి ఈదమ్మ చెయ్యి పట్టుకుంది.

"వదినా, మా కడుపు మీద కొట్టారే! ఈళ్లకి దారి సూపింది ఎవరే?"

ఈసారి ఈదమ్మకు అబద్ధం కూడా రాలేదు. చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగింది.

కోట వెనక తోట వెలిసింది. ఎన్నాళ్లుంది? మూడు నెలలు. మొదటి నెల లోయ పూలు ఎండకు మాడాయి, ఉడుతలు మేత ముట్టక చచ్చాయి. రెండో నెల మడ చెట్లు బావి నీళ్లల్లో కుళ్లాయి, నీటిపిల్లి బోను ఊచలు కొరికి కొరికి చచ్చింది. మూడో నెల బట్టమేక పిట్ట నిలబడి నిలబడి కూలింది. గుడ్డు ఎప్పుడో మురిగిపోయింది. ఆ కంపుకు దొరసానులు కిటికీలు మూసుకున్నారట. నాకైతే ఆ కంపు ఇంకా చాలదనిపిస్తుంది.

దొర ఈదమ్మను పిలిపించాడు. "ఏమే, నువ్వు చూపించినవన్నీ చచ్చాయి. ఎందుకు?"

మూడు నెలలుగా గొంతులో అడ్డంపడ్డదంతా అప్పుడు బయటికొచ్చింది.

"ఎందుకా? నీ తల్లి ఒడిలోంచి నిన్ను లాగి గాడిపొయ్యి పక్కన పెడితే బతికేవాడివా దొరా? చెట్టుకు చోటే ప్రాణం. దాని మన్ను, దాని నీడ, దాని పురుగు, దాని పిట్ట, అన్నీ కలిస్తేనే అది! నువ్వు తెచ్చింది అడవిని కాదు, పీనుగుల్ని. థూ!"

బంట్లు కత్తుల మీద చేతులేశారు. దొర వాళ్లను ఆపాడు. నవ్వాడు. ఆ నవ్వు చాలా చెడ్డది.

"ముసల్ది బాగా చెప్పింది. చెట్టును కోటకు తెస్తే చస్తుంది. అయితే కోటనే చెట్టు దగ్గరికి పంపిద్దాం. ముందు గడ్డల కొండకు కంచె వెయ్యండి. తర్వాత బీడుకు, తర్వాత మడ అడవికి."

ఈదమ్మ తిడుతున్నాననుకుంది. తిడుతూ తిడుతూ దొంగకు దారి చూపించింది.

ఏడు దినాల్లో కొండ చుట్టూ ముళ్లకంప లేచింది. ఎనిమిది గుడిసెలూ పీకి కింద పడేశారు. "జోలికి రానని మాటిచ్చారు గదయ్యా" అని ఈదమ్మ ఒక్కతే పోయి మొత్తుకుంటే శరభయ్య ఏమన్నాడో తెలుసా? "ఒక్క చెట్టన్నా కొట్టామా? జోలికి రావడమంటే కొట్టడం" అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు వాన లేదు. కింద గింజ లేదు, పైన గడ్డ ఉంది, నడుమ కంప ఉంది. ఈదమ్మ మరిది అంకన్న అందరినీ కంచె బయట కూర్చోబెట్టాడు.

"మన కొండకు కంచె వెయ్యాలని కోటకు ఎట్లా తోచింది? దారి చూపింది ఎవురు?"

మూడోసారి అడిగిన ప్రశ్న అది. మొదటిసారి అబద్ధం ఆడింది. రెండోసారి నోరు మూసుకుంది. ఈసారి ఈదమ్మ లేచి నిలబడింది.

"నేనే. లోయకు నేనే. బీడుకు నేనే. మడకు నేనే. కంచె మాట వాడి నోట్లో పెట్టిందీ నేనే. నా కొండ దక్కుతుందని నలుగురి ఇళ్లకు దొంగల్ని తీసుకుపోయినా. తిట్టండి. తిట్టి మాత్రం ఊరుకోకండి!"

తిట్టారు. అంకన్న ఆమె మొహం చూడనన్నాడు. ఈదమ్మ కర్ర పట్టుకుని బీడుకు నడిచింది. బీరన్నకు చెప్పింది, "దావ సూపిచ్చింది నేనేనన్నా." బీరన్న ఉమ్మేశాడు. మడ అడవికి నడిచింది. నూకాలుకు చెప్పింది, "దారి చూపింది నేనే వదినా." నూకాలు చేపలు కడిగిన నీళ్లు ఆమె నెత్తిన కుమ్మరించింది. ఈదమ్మ తుడుచుకోలేదు. ఇద్దరి దగ్గరా ఒకే మాట అంది.

"నన్ను తర్వాత చంపండి. మా కొండ తర్వాత వంతు మీది. ఇవాళ రాకపోతే రేపు మీ ఊళ్లో నిలబడి ఏడుస్తారు."

ఆమె మీద ప్రేమతో ఎవరూ రాలేదు. ఆ సంగతి దాచను. కోపంతో వచ్చారు. బీరన్న గొల్లలందరినీ తెచ్చాడు. నూకాలు పడవలవాళ్లందరినీ తెచ్చింది. కంచె ముందు మూడు నేలల మనుషులు నిలబడ్డారు. అటు బంట్లు బల్లేలు పట్టుకుని ఉన్నారు. కంప దాటినవాణ్ణి పొడవమని దొర ఆజ్ఞ. అందరూ నిలబడ్డారు గానీ ముందు అడుగు ఎవరిదీ కాలేదు.

"జరగండి. దారి చూపించడం నా పని" అంది ఈదమ్మ.

ఉత్త చేతులతో కంప లాగింది. చేతులు చీరుకుపోయాయి. లోపలికి పోయింది. బంట్ల వైపు చూడనే లేదు. ఒక తీగ దగ్గర కూర్చుని తవ్వింది, మోకాలి లోతు తవ్వింది. గడ్డ తీసింది, తల కోసింది. తీగతో సహా మళ్లీ గుంటలో పెట్టింది. మన్ను కప్పి లేచి నిలబడి మడమతో తొక్కింది.

"తినేది నేను" అంది.

వెనక నుంచి బల్లెం దిగింది. మిగతా సగం మాట ఆమె అనలేకపోయింది. మడమ మాత్రం ఆ మన్ను మీదే ఉంది.

అప్పుడు మొహం చూడనన్న అంకన్న అరిచాడు, "ఉండేది నువ్వు!" బీరన్న అరిచాడు. నూకాలు అరిచింది. మూడు నేలల జనం ఒక్క గొంతై అరుస్తూ కంచె మీద పడ్డారు. ఎంతమందిని పొడుస్తారు? బంట్లు బల్లేలు పారేసి పరుగెత్తారు. మూడు రోజులు కంప లాగారు, ముల్లు కూడా మిగల్చలేదు. ఆ తర్వాత అక్కడ కంచె లేవలేదు.

దొర ఏమయ్యాడంటారా? ఏమీ కాలేదు. పిడుగు పడలేదు, పాము కరవలేదు. పరుపు మీద ముసలివాడై చచ్చాడు. శరభయ్యకు మనవలు కూడా పుట్టారు. కథలో అయినా శిక్ష పడాలి కదా అని మీరనుకుంటారు. నేనూ అనుకుంటా. జరగనిది జరిగిందని చెప్పలేను.

ఇప్పటికీ మావాళ్లు ఈదమ్మకు గుడి కట్టలేదు, దీపం పెట్టరు. గడ్డ తవ్వితే తల గుంటలో పెట్టి మడమతో తొక్కుతారు. తొక్కినవాళ్లు "తినేది నేను" అని ఆగుతారు. చుట్టూ ఉన్నవాళ్లు "ఉండేది నువ్వు" అని అరుస్తారు. మెల్లగా అనకూడదు, అరవాలి. ఒంటరిగా తవ్వేవాళ్లు కూడా ఆగి, తామే అరుస్తారు.

ఇంకొకటి. ఎక్కడన్నా చెట్టు కూలినా, గూడు పడినా, ఆ పూట పొయ్యి వెలిగించేముందు పెద్దవాళ్లు అడుగుతారు, "దారి చూపింది ఎవరు?" చూపించినవాళ్లు లేచి "నేనే" అనాలి. అనేదాకా ఎవరి ఇంట్లోనూ కుండ పొయ్యి మీదికి ఎక్కదు. ఒకసారి నేను కూడా లేచి నిలబడ్డా. ఎందుకో మీకు చెప్పను.

లోయలో పూలెట్లా పూస్తాయో చెప్పాను. పిట్ట గుడ్డు ఎట్లా పెడుతుందో చెప్పాను. మడ మొలక ఎట్లా జారుతుందో చెప్పాను. వినడానికి వచ్చిన ప్రతివాళ్లూ చివర్న ఒకటే అడుగుతారు, అవి ఎక్కడున్నాయి, ఎటు పోవాలి అని. మీరూ అడగబోతున్నారు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అడక్కండి. కథ చెప్పమన్నారు, చెప్పాను. దారి మాత్రం నా నోట రాదు.