కావలి కేక ఏ కుప్పలో?

మూడు వాగుల నడుమ ఉన్న అడవిని ఒక ఎలుగుబంటి ఏలేవాడు. రాజు మంచివాడే గానీ, ఒకటి గుర్తుంటే ఇంకొకటి మర్చిపోయే రకం. మడుగులో మొసలిని అదుపులో పెట్టడం, ఉప్పుమట్టి మిట్ట దగ్గర తొక్కిసలాట లేకుండా వంతులు వేయడం, వానాకాలంలో బాలింతలకు గుహ ఇవ్వడం, నల్లమద్ది చెట్టు మీద కొండముచ్చును కావలి పెట్టి ఆపద వస్తే కేక వేయించడం, అన్నీ ప్రభుత్వం పనులే. ఎవరు ఏ పనికి వచ్చినా రాజు బుర్ర గోక్కుని, ఇది చూసేదెవర్రా అని పక్కవాళ్ళను అడిగేవాడు. ఎలాగో పని మాత్రం జరిగిపోయేది.

రాజుగారి పనులు చక్కబెట్టే పేష్కారు నక్క. కొలువులో చేరిన రోజునే అది ఒట్టు పెట్టుకుంది, పౌరుల పిల్లల జోలికి పోనని, వాగులో ఎండ్రకాయలు, చెట్టు కింద రేగుపళ్ళు తిని బతుకుతానని. ఊరి చివర కచేరీ వెనక ఎంగిలి విస్తళ్ళు నాకి పెరిగిన నక్క అది. విస్తళ్ళతోపాటు నాలుగు పెద్ద మాటలు కూడా వంటబట్టాయి. వాటిలో ఒకటి వర్గీకరణ.

"దొరా, మనం ఇన్ని సేవలు చేస్తున్నా ఏది ఎందుకు చేస్తున్నామో మనకే తెలియదు. కుప్పలుగా విడదీస్తే మీ బుర్రకు గోకుడు తప్పుతుంది" అంది ఒకరోజు.

బుర్రకు గోకుడు తప్పుతుందంటే ఏ రాజు కాదంటాడు? మర్నాడే చట్టుబండ దగ్గర సభ పెట్టారు. ఒక్కో సేవకు ఒక్కో మోదుగాకు. కుప్పలు మూడు. మొదటిది కాపాడేవి: ఎవరూ అడగకపోయినా ప్రభుత్వం చేసి తీరాలి. రెండోది పెట్టేవి: నీళ్ళు, ఉప్పుమట్టి లాంటివి, వంతు ప్రకారం. మూడోది చెప్పేవి: ఏ రేవులో లోతెంత, ఏ కొండన పళ్ళు పండాయి, అలాంటివి. వచ్చి అడిగినవాళ్ళకే. ఆకులు చకచకా పడుతుంటే జంతువులన్నీ మురిసిపోయాయి. తమకు ఇన్ని జరుగుతున్నాయని చాలామందికి ఆరోజే తెలిసింది.

కావలి కేక ఆకు రాజు చేతికి వచ్చింది. ఆయన చెయ్యి తిన్నగా మొదటి కుప్ప వైపు పోయింది. నక్క అడ్డుపడింది.

"ఒక్క మాట దొరా. చిరుత వస్తే కొండముచ్చు చెట్టు దిగి దాన్ని కొడతాడా?"

"ఎందుకు కొడతాడు? వాడికేమన్నా పిచ్చా?"

"మరి కాపాడినట్టు ఎట్లా? కేక వేస్తాడు, అంటే చెబుతాడు. కాపాడేది ఎవరి కాళ్ళు వాళ్ళను. ఇది మూడో కుప్ప సరుకు."

రాజుకు సబబుగానే తోచింది. ఆ సభలో ఉంటే నాకూ తోచేదేమో. దొంగ మాటకు ఉన్నంత పొందిక మంచి మాటకు ఉండదు మరి.

ఆకు మూడో కుప్పలో పడింది. వెంటనే నక్క కట్టుబాట్లు చదివింది. ఇకమీదట ఉత్తినే కేకలుండవు. కావలసినవాళ్ళు స్వయంగా చెట్టు కిందకు రావాలి. తలకు రోజుకు ఒక్క ప్రశ్న. ఏది అడిగారో దానికే జవాబు. ఆ జవాబును కొండముచ్చు దాపరికం లేకుండా, అడవంతా వినిపించేలా గట్టిగా చెప్పాలి. ఈ చివరి మాటకు సభ అంతా తలలూపింది. ప్రభుత్వమంటే ఇలా ఉండాలి అనుకున్నారు. సభ మెప్పు కోసం నక్క చేర్చిన మాట అది.

వెనక వరసలో ఒక దుప్పి నిలబడి ఉంది. పేరు చుక్కమ్మ. దాని పిల్లకు వెనక కాల్లో ముల్లు విరిగి చీము పట్టింది. పది అడుగులు నడవలేదు. పరికి పొదలో దాన్ని పడుకోబెట్టి వచ్చింది. నక్క చెబుతున్నదాంట్లో ఏదో తప్పుందని దాని గుండెకు తెలుస్తోంది. అది ఏమిటో నోటికి అందడం లేదు.

"అయ్యా, పిల్లను వదిలి అడగడానికి రాలేనివాళ్ళ సంగతి?" అంది చివరికి.

నక్క ఎంతో ప్రేమగా నవ్వింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు కదమ్మా. ప్రభుత్వం మాత్రం ఎట్లా పెడుతుంది?"

అందరూ నవ్వారు. చుక్కమ్మ తల దించుకుని పొదకు వచ్చేసింది.

మర్నాటి నుంచి అడవి మూగబోయింది. ఇదివరకు కేక వినపడలేదంటే ఆపద లేదని అర్థం, నిశ్చింతగా మేసేవాళ్ళు. ఇప్పుడు కేక లేకపోతే ఆపద లేదనా, ఎవరూ అడగలేదనా? చుక్కమ్మ గరిక కొరికేది, తల ఎత్తేది, నమలడం మానేసి వినేది. ఎండుటాకు కదిలినా గుండె ఝల్లుమనేది. మూడు రోజుల్లో డొక్కలు బయటపడ్డాయి. పాలు తగ్గాయి.

వెళ్ళి అడగాలంటే పిల్లను వదలాలి. వదలకుండా ఉంటే ఏం వస్తోందో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక ఉదయం తెగించి పరుగెత్తింది. చెట్టు కింద వరుసలో నిలబడి, తన వంతు రాగానే, తూర్పు వాలులో చిరుత ఉందా తాతా అని అడిగింది. లేదు అని పైనుంచి గట్టిగా జవాబు వచ్చింది. హమ్మయ్య అనుకుని రెండడుగులు వేశాక, పడమర సంగతి అడగలేదని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే కొండముచ్చు తాత తల అడ్డంగా ఊపాడు. ఆరోజు ప్రశ్న అయిపోయింది.

పరుగున పొదకు చేరింది. పిల్ల ఉంది. కానీ పొద పక్కన గడ్డి కొత్తగా అణిగి ఉంది, ఎవరో చాలాసేపు పడుకుని చూసినట్టు. చిరుత పడుకుంటే అంత తక్కువ చోటు సరిపోదు.

ఆ సాయంత్రం కుందేలు ఏడుస్తూ వచ్చింది. దానికి మూడు పిల్లలు. చెట్టు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి రెండే ఉన్నాయి.

"చిరుత లేదన్నాడక్కా తాత. నేను చిరుత గురించే అడిగాను" అంది.

రాజు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. సరైన ప్రశ్న అడగకపోతే ప్రభుత్వం తప్పా అని నక్క అంది. రాజు నొచ్చుకుంటూనే బుర్ర గోక్కున్నాడు.

చుక్కమ్మకు భయం స్థానంలో కోపం వచ్చింది. మర్నాడు కుందేలును పొద దగ్గర కూర్చోబెట్టి తిన్నగా చెట్టు కిందకు పోయింది.

"తాతా, కుందేలు పిల్లను ఎవరు తీసుకుపోయారు?"

కొండముచ్చు కొమ్మ మీంచి కిందికి వంగి చూశాడు. తర్వాత అడవంతా వినేలా అన్నాడు. "నక్క. నేను చూశాను. నన్నెవరూ నక్క గురించి అడగలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు కొయ్యబారిపోయారు. చూస్తూ ఎట్లా ఊరుకున్నావని నెమలి తిట్టిపోసింది. తాత కళ్ళు తుడుచుకుంటూ, అడగకుండా ఒక్క కేక వేసినా కావలే ఎత్తేస్తానని పేష్కారు నక్క హెచ్చరించిందని, తాను దిగిపోతే ఈ జవాబులు కూడా ఉండవని చెప్పుకున్నాడు. కోపం వచ్చినా అది నిజమే. నక్కను రాజు ముందు నిలబెడదామా అంటే, అది ఇంకో పొందికైన మాట చెప్పి తప్పించుకుంటుందని అందరికీ తెలుసు.

చుక్కమ్మ మాత్రం కట్టుబాట్లు ఒక్కొక్కటే మనసులో తిప్పి చూసుకుంది. ఏది అడిగితే దానికే జవాబు. అడవంతా వినిపించేలా జవాబు. వినిపించేలా అన్నప్పుడు వినడానికి చెట్టు కింద ఉండక్కర్లేదు. అడిగేవాళ్ళు మాత్రం చెట్టు కింద ఉండాలి. అది వరుసలో ఉన్న ప్రతి ఒక్కరి చెవిలో ఒక మాట చెప్పి పొదకు తిరిగి వచ్చింది.

మర్నాడు పొద్దెక్కేసరికి నల్లమద్ది కింద కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు, ఆఖరికి ఎలుకలు కూడా బారు తీరాయి. చుక్కమ్మ పొద ముందు చెవులు నిక్కించి నిలబడింది. కుందేలు గొంతు ఇక్కడికి వినపడలేదు గానీ జవాబు వినపడింది.

"నక్క పరికి పొదకు ముప్పై అడుగుల్లో గడ్డిలో పడుకుని ఉంది."

చుక్కమ్మ చుట్టూ కలయజూసింది. ముప్పై అడుగులంటే ఏ వైపు? ఎటు చూసినా గడ్డే. పొదలో పిల్ల ముడుచుకుంది.

"లేచింది. ఇరవై అడుగులు."

కదిలితే పిల్ల ఒంటరిదవుతుంది. కదలకపోతే వీపు వైపు నుంచి వస్తుందేమో. ఒక్కో ప్రశ్నకూ మధ్య ఉన్న ఆ కాస్త సేపూ అది చెవులు అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

"పది అడుగులు."

నెమలి బుద్ధిమంతురాలు. తన ప్రశ్నను మార్చి అడిగింది. ఆ జవాబు పిడుగులా వచ్చింది.

"దుప్పి వెనక నుంచి."

చుక్కమ్మ గిరుక్కున తిరిగింది. ఎదురుగా నక్క. ఒక కాలు గాల్లోనే ఉంది. మెల్లగా కాలు దించి వినయంగా నవ్వింది.

"పిల్ల క్షేమం కనుక్కుందామని వచ్చానమ్మా."

"ఎవరు అడిగారు నిన్ను?" అంది చుక్కమ్మ, ముందు గిట్టలు ఎత్తి.

నక్క తోక ముడిచింది. తోక ముడిచిందని కూడా చెట్టు మీంచి వినపడింది.

ఆ రోజంతా, ఆ మర్నాడు, ఆపై మర్నాడు కూడా అడిగేవాళ్ళు తరగలేదు. అదే ప్రశ్న, నక్క ఎక్కడుంది, ఏం చేస్తోందని. నక్క మడుగు దగ్గర ఉంది, నక్క పుట్ట వెనక దాక్కుంది, నక్క ఆవులించింది. అది అడుగు వేయకముందే ఎలుకపిల్ల కూడా కన్నంలోకి దూరిపోయేది. మూడో రోజు సాయంత్రం నక్క తూలుతూ కొలువుకు వచ్చింది. వెనకే అడవంతా వచ్చింది.

"దొరా, కావలి కేకను మొదటి కుప్పలోకి మార్చేయండి. ఆపద వస్తేనే కేక వేయమనండి. పొద్దస్తమానం నా పేరు అరుస్తున్నారు" అంది.

"చెప్పడమేగా, కొట్టడం లేదుగా" అన్నాడు రాజు.

"ఆ చెప్పడంతోనే చస్తున్నాను దొరా. మూడు రోజులుగా నోట్లోకి ముద్ద పోలేదు."

రాజు చెయ్యి అలవాటుగా బుర్ర మీదికి పోయింది. సగంలో ఆగిపోయింది.

"వాగు నిండా ఎండ్రకాయలున్నాయి కదరా. కొండముచ్చు చెబితే అవి పారిపోయాయా?"

నక్క నోరు తెరిచింది. పొందికైన మాట ఒక్కటీ రాలేదు. రాజు కుందేలు వైపు చూశాడు. కుందేలు రెండు పిల్లలనూ దగ్గరికి లాక్కుంది. అది చూశాక ఆయనకు ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఆకును రాజు తన చేత్తో మొదటి కుప్పలో పెట్టాడు. నక్కను మూడో వాగు అవతలికి తరిమారు. అది వాగు దాటేదాకా కొండముచ్చు తాత కేక వేస్తూనే ఉన్నాడు, ఎవరూ అడగకుండానే. ఆ రాత్రి చుక్కమ్మ కడుపునిండా మేసింది. కుందేలు మాత్రం బొరియ వాకిట్లో కూర్చుని, లేని పిల్ల కోసం చాలాసేపు చూసింది.

నీతి: ఏ సేవ ఏ కుప్పలో పడుతోందో పడేటప్పుడే గట్టిగా అడగాలి, పడ్డాక అడిగితే, అప్పటికే ఎవరి పిల్లో పోయి ఉంటుంది.