అచ్చులో మిగిలిన కొసలు

మొదట్లో నా దగ్గరున్నది నాలుగు వందల పన్నెండు మంది. ఫోన్‌లో కబుర్లు పంపుకునే ఒక యాప్‌లో మా వీధి ఆరు మగ్గాల చీరల ఫొటోలు పెడితే, చూసి కొనేవాళ్ళు. రెండేళ్ళకు ఆ యాప్ కంపెనీ దాన్ని మూసేసి ఇంకోటి తెచ్చింది. అందులోకి రెండు వందల నలభై మందే వచ్చారు. ఏడాది తిరక్కుండా దాన్నీ తీసేసి మూడోది పెట్టింది. తొంభై ఏడుగురు మిగిలారు. ఇప్పుడు ఆ మూడోదీ పదకొండు రోజుల్లో పోతుందట. అందులో కొనేవాళ్ళ పేర్లే తప్ప ఫోన్ నంబర్లు కనిపించవు. ఈ లెక్కన నాలుగోదాంట్లో నలభై మంది కూడా ఉండరు. అప్పుడు ఆరు మగ్గాల్లో ఎన్ని ఆడతాయో లెక్క వెయ్యడానికి నాకు చెయ్యాడలేదు.

చీరాలలో ఆరు నెలలుగా నాకు నేత నేర్పుతున్న నాంచారయ్య గారిని అడిగాను.

"గురువుగారూ, బాగా పనిచేసేదాన్ని తీసేసి కొత్తది పెట్టడమేమిటి? వాళ్ళు తెలివైనవాళ్ళేగా?"

అడిగినదానికి వెంటనే జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. "కిటికీ పక్క మగ్గం మీద బట్ట అయిపోయింది. కోసి, కొత్త పడుగుకు సిద్ధం చెయ్యి," అని టీకి వెళ్ళారు.

పడుగంటే బట్టకు నిలువు పోగులు. దాన్ని మార్చడం నేనెప్పుడూ చెయ్యలేదు. ఉత్సాహం కొద్దీ బట్ట కోశాను. పడుగు పోగులు ఒక్కొక్కటే దూరి వచ్చే దువ్వెనలాంటి చట్రాన్ని మేం అచ్చు అంటాం. అందులో మిగిలిన పాత కొసలన్నీ లాగి పారేసి, దుమ్ము దులిపి, మెరిసేలా తుడిచాను.

పోగులు అతికే శేషమ్మత్త వచ్చి, చూసి, నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ శుభ్రం తగలెయ్యా! దువ్వెన తుడవమంటే తల గొరిగావు కదరా!"

"పాత కొసలేగా అత్తా."

"ఆ పాత కొసలకే కొత్త పోగుల్ని మెలేసి అతుకుతాం. లాగితే అవే అచ్చులోకి నడిచొస్తాయి. ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుని వస్తాయి?"

రెండు వేల నాలుగు వందల పోగులు. అతికితే నిమిషానికి ఇరవై, రెండు గంటల పని. ఇప్పుడు ఒక్కో పోగునూ ఆవిడ అచ్చుకు అవతల నుంచి అందిస్తే నేను ఇవతల నుంచి లాగాలి. నిమిషానికి రెండు. ఇరవై గంటలు.

నాంచారయ్య గారు వచ్చి చూశారు. కోప్పడలేదు. "కానివ్వండి," అన్నారు.

రెండున్నర రోజులు వంగి కూర్చున్నాం. నా కళ్ళు మండాయి. శేషమ్మత్త మాత్రం మధ్యమధ్య "అచ్చు ఏం మెరుస్తోందిరా!" అని దెప్పుతూనే ఉంది.

చివరి పోగు దూరాక గురువుగారు అచ్చు మీద చెయ్యి ఆనించారు. "తెలివిలేక చేశావా?"

"లేదండీ. బాగుండాలనే చేశాను. మగ్గం ఒక్కటే చూశాను, కొసల్ని చూడలేదు."

ఆయన తలూపారు. "నీ తొంభై ఏడుగురూ ఇంకా అచ్చులోనే ఉన్నారా?"

మిగిలింది ఎనిమిది రోజులు. రోజుకు పన్నెండు మంది, ఒక్క రోజు పదమూడు మంది. ఫోన్ తీశాను. అందరికీ ఒకేసారి పంపే మీట దగ్గరికి వేలు వెళ్ళింది. శేషమ్మత్త నా వేలి వంక చూసింది. వెనక్కి వచ్చి మొదటి పేరు తెరిచాను. తెనాలి సుభాషిణి గారు, కూతురికి సీమంతం చీర కొన్నావిడ. అమ్మాయి ఎలా ఉందని అడిగి, తర్వాత నంబరు అడగాలి.

"ఒక్కొక్కటే," అన్నారు గురువుగారు.