మూడు లినక్సుల పులి మేక

ఆ ఆదివారం మధ్యాహ్నం పైడిరాజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. చంకలో లాప్‌టాప్, మొహం నిండా నవ్వు.

దాలినాయుడు మాస్టారు విజయనగరంలో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. విండోస్‌లాగే కంప్యూటర్ని నడిపే లినక్స్ నేర్చుకుంటామని వచ్చినవాళ్ళని ఇంటి మేడ మీద కూర్చోబెట్టుకుని నేర్పుతారు. నోటితో చెప్పడం తక్కువ, చేసి చూపించడం ఎక్కువ. పైడిరాజు ఆయన దగ్గర నాలుగేళ్ళ నుంచి ఉన్నాడు. అందులో మూడేళ్ళు ఒక్క ఆట మీదే గడిచాయి. సుద్దముక్కతో గీసుకుని ఆడే పులి మేకని కంప్యూటర్లోకి తెచ్చాడు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి కోడ్ చదవొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు.

లినక్స్ ఒకటి కాదు, చాలా రకాలు. ఏ రకానికి మూట కట్టే పద్ధతి ఆ రకానిదే. ఆటనీ, దానికి కావలసిన బొమ్మల్నీ, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే చీటీనీ కలిపి వాళ్ళు కోరినట్టు కట్టివ్వాలి. దాన్నే ప్యాకేజీ అంటారు. పైడిరాజు మూడు రకాలకి మూడు కట్టాడు. వాటిలో పెద్ద లినక్స్ వాళ్ళు ఆ సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేస్తున్నారు. కొత్తవాటిని మళ్ళీ తీసుకునేది రెండేళ్ళకి. పైగా కొత్తవాడి ప్యాకేజీ మీద వాళ్ళు నమ్మిన పాతకాపు ఒకరు డిజిటల్ సంతకం పెట్టాలి. ఈ చుట్టుపక్కల ఆ సంతకం ఉన్నది మాస్టారికే.

"మూడింట్లోనూ ఆడీసాను మాస్టారూ, ఎక్కడా ఆగలేదు. సంతకం పెట్టీయండి."

మాస్టారు తేగ వలుచుకుంటున్నారు. ఆ మూడూ ఎక్కడున్నాయని అడిగారు. మూడూ తన లాప్‌టాప్‌లోనే ఉన్నాయని, ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అది తెరుచుకుంటుందని వాడు గొప్పగా చెప్పాడు. మాటిమాటికీ ఫైళ్ళు కాపీ చేసుకోకుండా తన సొంత ఫైళ్ళన్నీ ఉండే హోమ్ ఫోల్డర్‌ని మూడింటికీ కలిపి ఒకటే పెట్టుకున్నాడట. ఆ తెలివికి మాస్టారు మెచ్చుకుంటారనే అనుకున్నాడు.

మాస్టారు చెయ్యి తుడుచుకుని లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నారు. ఒక్క వరుస టైపు చేసి, పాస్‌వర్డ్ వాడి చేతే కొట్టించారు. అదే లాప్‌టాప్‌లో కొత్త వాడుకరి ఒకడు పుట్టాడు. పేరు ‘పరాయి’. ఆ పేరుతో లోపలికి వెళ్ళి, "ఇప్పుడు తెరువు" అన్నారు.

పైడిరాజు ఆట తెరిచాడు. పటం గీతలు వచ్చాయి. పులులు రాలేదు, మేకలూ రాలేదు. కింద ఒక్క లైను మాత్రం వచ్చింది: పైడిరాజు ఫోల్డర్‌లోని బొమ్మలు చూడటానికి అనుమతి లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనవాడు ఇంట్లోనే గెలిచాడు, మూడుసార్లు. ఆట మొదలుపెట్టిన రోజున తొందరలో కోడ్‌లో రాసిన తన సొంత ఫోల్డర్ దారి అలాగే ఉండిపోయింది. మూడు మూటల్లో దేంట్లోనూ బొమ్మలు లేనేలేవు. ఏ లినక్స్ తెరిచినా ఆట వాడి ఇంట్లోకే వెళ్ళి పులుల్ని తెచ్చుకుంది. వాడికి ఏడుపొచ్చినంత పనైంది.

మాస్టారు ఇంకో తేగ తీసుకున్నారు. అప్పటికి మూడున్నర.

వాడు ఆగమేఘాల మీద పనిలో పడ్డాడు. దారి మార్చాడు, బొమ్మల్ని ఆటతోపాటే పెట్టాడు, మూటలు మళ్ళీ కట్టాడు. మొదటిది ఒక్కసారికే కుదిరింది. రెండోది చీటీలో పేరు తప్పుందని మొరాయించింది, సరిచేస్తే దారికొచ్చింది. మూడోదాంట్లో కూడా ‘పరాయి’ పేరుతో పులులు మూడూ వచ్చి పటం మీద కూర్చునేసరికి వాడు కుర్చీలోంచి లేచి గదంతా ఓ చుట్టు చుట్టాడు. ఆ సంబరం చూసి మాస్టారికీ నవ్వొచ్చింది.

ఐదుంపావైంది. ఇంక సంతకమేనని వాడు పక్కన చేరాడు.

మాస్టారు పెద్ద లినక్స్ ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, వాడి లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగారు. ఆయన భార్య మాణిక్యమ్మగారు వంటల వీడియోలు చూసుకునే పాత కంప్యూటర్‌లో ఉన్నది ఆ లినక్సే. దాంట్లోకి ఆట ఎక్కించి, కుర్చీ ఆవిడకి జరిపారు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పటం చూసి, ఇది మన పులి మేకే కదా అని మురిసిపోయారు. పక్కనున్న మందలోంచి ఒక మేకని మౌస్‌తో పట్టి లాగారు. రాలేదు. మళ్ళీ లాగారు. కదల్లేదు. పటం మీద చోటు నొక్కితే మేక దానంతటదే వచ్చి దిగుతుంది. ఆ సంగతి ఆట చేసినవాడికి తప్ప ఎవరికీ తెలీదు.

పైడిరాజు ఉండబట్టలేక ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాచాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"టైమైపోతాది మాస్టారూ. ఒక్క మాట చెప్తే ఆడీస్తారు."

"ఎంతమంది పక్కన నిలబడి చెప్తావురా?"

వాడు ఒక్క క్షణం ఆవిడ చేతినీ, కదలని మేకనీ చూశాడు. మాస్టారి చేతిలోంచి లాప్‌టాప్ లాక్కున్నంత పని చేసి మెట్ల మీదే కూలబడ్డాడు. పటం పైన ఒక్క వాక్యం చేర్చాడు: మేకని దించాలనుకున్న చోట నొక్కండి. మూట మళ్ళీ కట్టాడు. తెచ్చి పాత కంప్యూటర్‌లో ఎక్కించాడు.

మాణిక్యమ్మగారు వాక్యం చదివారు. నొక్కారు. మేక దిగింది. ఇంకోటి దిగింది. ఇక ఆవిడకి ఇంట్లో మనుషులున్నారన్న ధ్యాసే లేదు.

మాస్టారు ఆ కొత్త మూటని తన లాప్‌టాప్‌లో వేసుకుని, అరుగు మీదికి వెళ్ళి కూర్చుని సంతకం పెట్టి పంపారు. ఆరుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. ప్యాకేజీ వెళ్ళిందని లోపలికి కేకేశారు.

పైడిరాజు వినలేదు. ఒక పులి చుట్టూ మేకలు మూసుకుంటున్నాయి. ఇంకొక్క మేక దిగితే దానికి కదలడానికి చోటుండదు. ఎక్కడ దించాలో వాడికి తెలుసు. చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు బిగించి, ఆవిడ చెయ్యి ఎటు వెళ్తుందో చూస్తూ నిలబడ్డాడు.