ఓబన్న ఇంకా చెప్పని చోటు

బుట్టలల్లే ఓబన్న సంతలో కూర్చుని వారానికో భాగం చొప్పున దొంగల కథలు చెప్పేవాడు. జనం సరుకులు మరిచిపోయి వినేవాళ్లు. కోటలో రాణిగారి హారం పోయిన నెలలో, ఓ కొత్వాలే హారం దొంగిలించిన కథ ఎత్తుకున్నాడు.

కొత్వాలు అతన్ని రాజుగారి ముందుకు ఈడ్చుకొచ్చాడు. “ప్రభూ! హారం నేనే కాజేసి బియ్యం బానలో దాచానని వీడు సంతలో చెబుతున్నాడు. నాలుక కోయించండి.”

“ఎక్కడ దాచాడో నేనింకా చెప్పలేదు ప్రభూ,” అన్నాడు ఓబన్న. “అది వచ్చే సంతకి. ఏం చెప్పాలో తోచక నాలుగు రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.”

రాజు భటుల్ని కొత్వాలు ఇంటికి పంపాడు. హారం బియ్యం బానలోనే దొరికింది.

“ఏం కావాలో కోరుకో,” అన్నాడు రాజు.

“ఈయన నా కథ ముగింపు ముందే చెప్పేశాడు. వచ్చే సంతకి ఇంకో దొంగ కావాలి ప్రభూ,” అంటూ ఓబన్న కొలువంతా కలయజూశాడు.

మంత్రులందరూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు.