చిలక దగ్గుకు అడ్డసరం ఆకు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి పట్టాడు, నడిమివాడు విల్లు పట్టాడు, మూడోవాడు నీలకేతు ఆకులు పట్టాడు. అంతఃపురంలో మందులిచ్చే దాది బూచమ్మ వెంట తిరిగి ఏ ఆకు దేనికో నేర్చుకున్నాడు. అది చూసి ఊరంతా నవ్వేది.

ఇలా ఉండగా, ఏడు సముద్రాల అవతలుండే కరాళుడనే మాంత్రికుడు పక్కరాజ్యపు రాకుమారి కువలయను ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. మాంత్రికుల ప్రాణాలు ఇంకెక్కడుంటాయి లెండి! ఆ చిలక పీక నులిమి వస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, రాలేదు. అన్నల మీద బెంగతో నీలకేతుకు అన్నం సహించలేదు. చివరికి తనూ బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక గండభేరుండ పక్షి మోకాలు వాచి మూలుగుతోంది. నీలకేతు వావిలాకు వెచ్చచేసి మూడు రోజులు కట్టు కట్టాడు. వాపు తగ్గింది. "ఎక్కు నాయనా" అంది పక్షి. ఒక సముద్రం దాటింది, రెండు సముద్రాలు దాటింది, ఏడో సముద్రమూ దాటి మాంత్రికుడి దీవిలో దింపింది.

ఆ దీవిలో గడ్డిపరక లేదు. పొడుగాటి ఆకులు, తెల్లని పూలు ఉన్న పొదలు మాత్రం గుబురుగా ఉన్నాయి. వాటి పక్కన ఒక మేక.

"మిగతా పచ్చదనమంతా ఏమైంది మేకా?"

"నేనే తినేశాను. ఇది మాత్రం చేదు, ముట్టను."

నీలకేతు ఆకు నలిపి వాసన చూశాడు. అడ్డసరం!

అన్నల కోసం వచ్చానని చెబితే మేక రెండు రాళ్ళను చూపించింది. "వీళ్ళు మీ అన్నలు. చిలకను చంపావా, మాంత్రికుడు పోతాడు, వీళ్ళు రాళ్ళుగానే ఉండిపోతారు. మనిషిని రాయి చెయ్యడానికి వాడికి ఒక్క మాట చాలు. రాయిని మనిషి చెయ్యాలంటే నూటెనిమిది మాటలు ఒక్క ఊపిరిలో చదవాలి. పది చదివేసరికి వాడికి దగ్గు."

నీలకేతు ఒడినిండా ఆకు కోసుకుని వెళ్ళాడు. మాంత్రికుడు గుమ్మంలో గుండె పట్టుకుని దగ్గుతున్నాడు.

"ఎవడ్రా... ఖళ్... నువ్వు?"

"వైద్యుణ్ణి స్వామీ."

"నేను తాగని కషాయం లేదు, పో!"

నీలకేతు నాడి పట్టి చూశాడు. "ఈ దగ్గు మీది కాదు స్వామీ. మీ ప్రాణం ఎక్కడుందో దగ్గూ అక్కడే ఉంది. మందు దానికి వెయ్యాలి."

మాంత్రికుడు అనుమానంగా చూశాడు. ఇంతలో మళ్ళీ దగ్గు తెర వచ్చింది. "కువలయా, పంజరం తే! వీడు వెధవ్వేషాలు వేస్తే రాయి చేసేస్తాను."

ఎవరి కంటా పడకూడదని ఆ చిలకను పన్నెండేళ్ళుగా సాంబ్రాణి పొగ నిండిన గదిలో దాచాడు. రెక్కలు మసిబారి, కళ్ళు నీళ్ళు కారుతూ అది ఎగశ్వాసతో రొప్పుతోంది. దాన్ని చూస్తే నీలకేతుకు జాలేసింది.

ఆకు రోట్లో వేసి దంచాడు, పిండాడు. చుక్క రాలేదు. మళ్ళీ పిండాడు. రాలేదు. "ఇదేం వైద్యంరా?" అని మాంత్రికుడు ఆ ఒక్క మాట కోసం నోరు తెరవబోయాడు. పచ్చాకు రసం దిగదు, సెగ చూపించాలి అని బూచమ్మ చెప్పింది నీలకేతుకు అప్పుడు గుర్తొచ్చింది. గబగబా ఆకులు సాంబ్రాణి నిప్పుల మీద వాడ్చి పిండాడు. రసం ధారగా దిగింది.

కువలయ తేనె తెచ్చి మెల్లగా అంది: "కంగారు పడకండి. వాడు చూస్తున్నాడు."

తేనెలో రసం కలిపి రోజూ పొద్దున్నే రెండు చుక్కలు పోశాడు. పంజరాన్ని గాలి తగిలే చోట పెట్టించాడు. మొదటిరోజుకు దగ్గు సగమైంది. రెండోరోజుకు పావైంది. మూడోరోజుకు లేదు.

మాంత్రికుడు విరగబడి నవ్వాడు. "నా దగ్గు పోయింది! ఇక నువ్వూ ఆ రాళ్ళ పక్కన నిలబడు!" అంటూ నోరు తెరిచాడు.

చిలక టక్కున ముక్కు మూసి ఊపిరి బిగబట్టింది. మాంత్రికుడి మొహం నల్లబడింది, కళ్ళు తేలేశాడు. అప్పుడు చిలక ఊపిరి వదిలి అంది: "పన్నెండేళ్ళు నన్ను పొగలో పెట్టావు. ఆ దగ్గుతో ఊపిరి బిగబట్టనూ లేకపోయాను, నోరెత్తి అడగనూ లేకపోయాను. చదువు మంత్రం! ఒక్క మాట తగ్గిందో, మళ్ళీ బిగబడతా!"

మాంత్రికుడు నూటెనిమిదీ చదివాడు. రాళ్ళు కదిలాయి. కళ్ళు తెరుస్తూనే పెద్దవాడు చిలకను చూసి కత్తి దూశాడు. నీలకేతు అడ్డం నిలబడ్డాడు.

"వద్దన్నయ్యా! మిమ్మల్ని మనుషుల్ని చేయించింది ఆ చిలకే."

పెద్దవాడి చేతిలో కత్తి జారిపోయింది. అన్నలిద్దరూ తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేశారు.

అందరూ పక్షి మీద ఇల్లు చేరారు. కువలయ ఇష్టపడి నీలకేతును పెళ్ళాడింది. సింహాసనం వాడిదేనని అన్నలే పట్టుబట్టారు. నీలకేతు చాలాకాలం చల్లగా రాజ్యం ఏలాడు. చిలక తోటలో స్వేచ్ఛగా ఎగిరేది. దాన్ని వదిలి ఉండలేక కరాళుడూ వెంటే వచ్చి, ఆ తోటకే మాలిగా చేరాడు. తోటలో పిల్లి కనిపిస్తే చాలు, చిలక కన్నా ముందు కర్ర పుచ్చుకుని పరిగెత్తేవాడు ఆయనే.