మీరాబీ పళ్ళూ, మూడు ముళ్ళ ఊపిరీ

ఇలా రా, దుప్పట్లో దూరు. పళ్ళకి వేసిన క్లిప్పులు కనపడతాయని పొద్దుటి నుంచీ మూతి బిగించుకుని తిరుగుతున్నావు. అన్నం కూడా గోడ వైపు తిరిగి తిన్నావు. పోనీలే. కథకి ఊ కొడితే చాలు నాకు. ఊ కొట్టడానికి పళ్ళు కనపడక్కర్లేదుగా.

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, ఒక సన్నాయి ఉంది. నీ అంత పొడుగుది, నీకన్నా బుద్ధిమంతురాలు. దాన్ని వాయించేది బాజీసాహెబు తాత. చుట్టుపక్కల ఎవరింట పెళ్ళైనా తాళి కట్టే వేళకి ఆ సన్నాయి మోగాల్సిందే. పెళ్ళికొడుకు ఆలస్యంగా వస్తే ఓర్చుకునేవాళ్ళు గానీ, బాజీసాహెబు ఆలస్యమైతే ఓర్చుకునేవాళ్ళు కాదు.

ఎందుకంటే ఆయన దగ్గర ఒక విద్య ఉంది. మొదటి ముడి పడుతుండగా ఒక స్వరం ఎత్తుకునేవాడు. అప్పుడు రెండో ముడి పడేది. ఆ తర్వాత మూడో ముడి పడేది. అంతసేపూ ఒకటే ఊపిరి. ఆ స్వరం తెగేది కాదు, వణికేది కాదు. చంకలో చంటిపిల్లలు సైతం ఏడుపు మర్చిపోయి అటే చూసేవాళ్ళు.

ఆ తాతకి ఒక మనవరాలు, పేరు మీరాబీ. పన్నెండేళ్ళది. తాత సన్నాయి తుడుస్తుంటే పక్కనే కూర్చుని, దాని వంక నువ్వు మామిడితాండ్ర వంక చూసినట్టు చూసేది. తాతకి ఆయాసం మొదలైంది. అందుకని ఒకరోజు మనవరాల్ని పిలిచి, మూడు ముళ్ళూ ఒక్క ఊపిరిలో దాటించిన రోజున ఈ సన్నాయి నీదే అమ్మడూ అన్నాడు.

మీరాబీకి వేళ్ళు ఉన్నాయి, ఊపిరి ఉంది, పట్టుదల ఉంది. పళ్ళతోనే వచ్చింది చిక్కు. సన్నాయి కొసన రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. దాన్ని పెదాలు చుట్టూ బిగించి పట్టాలి. మీరాబీ పై పళ్ళేమో పెదాలకన్నా ముందే బయటికొచ్చి లోకం చూస్తుండేవి. పెదాలు కలిసేవి కావు. గాలి పక్క సందులోంచి జారుకునేది.

మొదటి పెళ్ళి వచ్చింది. మీరాబీ తను నేర్చుకునే సన్నాయి ఎత్తుకుంది. మొదటి ముడి పడింది. రెండో ముడి పడకముందే స్వరం తుస్సుమంది. తాత గబుక్కున తన సన్నాయి అందుకుని పరువు కాపాడాడు.

డోలు వాయించే ఏసోబు ఊరుకునే మనిషి కాదు. ఇంట్లో కొబ్బరి కోరాలి, పళ్ళు ఒకసారి అరువిస్తావా పిల్లా అన్నాడు. అందరూ నవ్వారు. మీరాబీ కూడా నవ్వింది. ఆ తర్వాత మేళం వ్యాను ఊరు చేరేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది. అది చూసి ఏసోబు తన నాలుక తనే కొరుక్కున్నాడు.

అప్పుడు తాత ఆమెని పట్నంలో పళ్ళ డాక్టరమ్మ వకుళ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ చల్లగా నవ్వి, ఈ పళ్ళని నడిపించి వెనక్కి తీసుకెళ్దాం అంది.

మీరాబీకి నమ్మకం కుదరలేదు. ఎముకలో పాతుకున్న పన్ను నడవడమేమిటి? డాక్టరమ్మ చెప్పింది కదా, మెల్లగా నెడితే ముందున్న ఎముక కాస్త కరిగి దారి ఇస్తుందిట. వెనక ఖాళీలో కొత్త ఎముక పూడుకుంటుందిట. నెలకి ఒక నువ్వుగింజ మందం నడుస్తుందిట. మీరాబీ తన పన్నుని తనే వేలితో తడిమి చూసుకుంది, కొత్త చుట్టాన్ని చూసినట్టు.

డాక్టరమ్మ బల్లమీద మూడు రకాలు పెట్టింది. ఒకటి వెండిలా మెరిసే లోహపు బిళ్ళలూ తీగా. రెండోది పంటి రంగులో ఉండే పింగాణీ బిళ్ళలు, అవీ తీగతోనే. మూడోది గాజులాంటి తొడుగు. పెట్టుకున్నా ఎవరికీ కనపడదు, కావాలంటే తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. రెండు వారాలకొకటి చొప్పున మారుస్తూ పోవాలి.

మీరాబీ ఠక్కున తొడుగు మీద చెయ్యి వేసింది. సన్నాయి వాయించేటప్పుడు తీసేయొచ్చు, ఏసోబు కంట పడనక్కర్లేదు.

డాక్టరమ్మ మూడు షరతులు పెట్టింది. రోజుకి ఇరవై రెండు గంటలు నోట్లోనే ఉండాలి. తిన్నాక పళ్ళు తోముకుని, తొడుగుని చన్నీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టుకోవాలి, వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది. నోట్లో లేనంతసేపూ డబ్బీలోనే ఉండాలి, ఇంకెక్కడా పెట్టకూడదు.

మీరాబీ మూడింటికీ తలూపింది. నువ్వు బడికెళ్ళే ముందు ఊపుతావే, సరిగ్గా అలాగే.

సాధన కోసం తీసేది, సాధన అయ్యాక మర్చిపోయేది. జామకాయ కోసం తీసేది, కాయ అయిపోయాక కబుర్లలో పడేది. డబ్బీ మాత్రం బీరువాలో భద్రంగా ఉండేది. పట్టు పరికిణీకి జేబు ఉండదు కదా మరి.

అయినా పళ్ళు కాస్త నడిచాయి. రెండో పెళ్ళిలో మొదటి ముడి దాటింది. రెండో ముడి కూడా దాటింది. మూడో ముడి దగ్గర ఊపిరి జారింది. అయితేనేం, ఆ సంతోషంలో మేళమంతా భోజనాల బంతిలో కూర్చుంది. మీరాబీ తొడుగు తీసి ఆకు చివర ఉప్పు పక్కన పెట్టుకుంది. పులిహోర తింది, పూర్ణాలు తింది, గడ్డపెరుగు తింది. ఆ తర్వాత పెద్దవాళ్ళు నేర్పినట్టే విస్తరిని తనవైపుకి చక్కగా మడిచి, లేచి చెయ్యి కడుక్కుంది.

చెయ్యి కడుక్కుంటూ నాలుకతో పళ్ళు తడుముకుంది. తొడుగు లేదు.

పరుగెత్తి వచ్చేసరికి బంతి ఎత్తేశారు. వంటశాల వెనక మడిచిన అరిటాకులు కొండలా పడున్నాయి. ఆ కొండ పక్కన ఒక గేదె తీరిగ్గా నములుతోంది.

అప్పుడు ఏమైందనుకున్నావు? బాజీసాహెబు తాత పట్టు జుబ్బా చేతులు పైకి మడిచాడు. మెడలో పతకాలు గణగణలాడుతుండగా ఆ ఆకుల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కో ఆకూ విప్పడం మొదలుపెట్టాడు. మీరాబీ కూర్చుంది. ఎవరూ పిలవకుండానే ఏసోబు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆకు పచ్చగా ఉంది, పెరుగు తెల్లగా ఉంది, తొడుగుకేమో రంగే లేదు. ఎవరికీ కనపడకూడదని ఏరి కోరుకుంది కదా. ఇప్పుడు తన కళ్ళకే కనపడటం లేదు.

గేదె తినేసిందేమో అంటూ మీరాబీ వెక్కింది. ఏసోబు గేదె నోట్లోకి తొంగి చూసి, "దీనికి పైన ముందుపళ్ళే లేవు పిల్లా, తొడుగు ఏం చేసుకుంటది?" అన్నాడు. ఏడుస్తున్న మీరాబీకి నవ్వొచ్చింది. తొడుగు మాత్రం దొరకలేదు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర తల దించుకుని నిలబడింది. ఆవిడ కోప్పడలేదు. కొత్తది చేయిస్తాలే అంటూనే పళ్ళు పరీక్షగా చూసింది.

"నిజం చెప్పు తల్లీ, రోజుకి ఎన్ని గంటలు పెట్టుకున్నావు?"

మీరాబీ తాత వంక చూసింది. ఆకుల పసరు ఇంకా ఆయన గోళ్ళలో ఉంది. "సగమే," అంది. ఆ తర్వాత తనే, "నాకు ఊడి రానిది వెయ్యండి డాక్టరమ్మా," అంది.

"అది అందరికీ కనపడుతుందే?"

"కనపడనివ్వండి. మళ్ళీ తాతని ఆ ఆకుల ముందు కూర్చోబెట్టలేను."

అలా వెండి బిళ్ళలు వచ్చాయి, తీగ వచ్చింది. మొదటి మూడు రోజులూ పళ్ళన్నీ సలిపాయి. మెత్తగా పిసికిన పెరుగన్నమే గతి. ఇవాళ నీకు పెట్టానే, అదే. ఆ తర్వాత పెదవి లోపల ఒరుసుకుంది. డాక్టరమ్మ ఇచ్చిన మైనాన్ని చిన్న ఉండ చేసి బిళ్ళ మీద అద్దుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మొదటిసారి సన్నాయి ఊదితే పిల్లి తోక తొక్కినట్టు మోగింది. మళ్ళీ మొదటి స్వరం నుంచి మొదలుపెట్టింది.

తిన్న ప్రతిసారీ పళ్ళు తోమేది. తీగ కింద తోమడానికి సీసాలు కడిగే బ్రష్షుకి మనవరాల్లాంటి బుల్లి బ్రష్షు ఉండేది. జంతికలు మానేసింది, చెరుకు మానేసింది, జీళ్ళు మానేసింది. జామకాయ ముక్కలు కోసుకుని తినేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క జంతిక కొరికింది. టక్కున బిళ్ళ ఊడింది. బస్సెక్కి వెళ్ళి మళ్ళీ అతికించుకుని వచ్చింది. నీ దిండు కింద జంతికల పొట్లం ఉందని నాకు తెలుసులే, ఇలా ఇచ్చెయ్.

నెలకో నువ్వుగింజ. ఇంకో నెలకి ఇంకో నువ్వుగింజ. ఎవరికీ చప్పుడు వినపడలేదు. ఒక తెల్లవారుజామున తాత లేచి మనవరాలి వంక చూసి అలాగే నిలబడిపోయాడు. పుట్టినప్పటి నుంచీ నోరు తెరుచుకుని నిద్రపోయే పిల్ల, పెదాలు కలిపి నిద్రపోతోంది. తామర మొగ్గలా మూసుకుందిట ఆ నోరు. ఆయన చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నాడు. దేవుడికో, డాక్టరమ్మకో, ఆ సన్నటి తీగకో ఆయనకే తెలియదు.

ఆ తర్వాత మూడో పెళ్ళి వచ్చింది. మీరాబీ బిళ్ళలకి మైనం అద్దుకుంది. మొదటి ముడి పడింది. స్వరం లేచింది. రెండో ముడి పడింది. స్వరం నిలిచింది. మూడో ముడి దగ్గర పెళ్ళికొడుకు వేళ్ళలోంచి దారం జారింది. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ జారింది.

పందిరంతా ముళ్ళు మర్చిపోయి మీరాబీ వంక తిరిగింది. ఆమె కళ్ళు మూసుకుంది. గాలికి ఒక్క సందు కూడా దొరకలేదు. ఆ స్వరం పందిట్లోంచి లేచి, వీధి దాటి, పొలాల మీదుగా పోతూనే ఉంది. విసనకర్రలు ఆగాయి. వంటశాలలో గరిటెలు ఆగాయి. పురోహితుడి నోట్లో మంత్రం ఆగింది. అప్పుడు మూడో ముడి పడింది.

ఆ వెంటనే డోలు మోగాలి కదా? మోగలేదు. ఏసోబు పుల్ల పైకెత్తి, నోరు తెరుచుకుని, అలాగే ఉండిపోయాడు. తాత మోచేత్తో పొడిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ రోజే సన్నాయి చేతులు మారింది.

కొన్నాళ్ళకి తీగ తీసేశారు. పళ్ళకి పాత ఇంటి మీద మమకారం పోదుట, మళ్ళీ బయలుదేరకుండా రాత్రిళ్ళు పెట్టుకోమని డాక్టరమ్మ ఒక తొడుగు ఇచ్చింది. కనపడనిదే. ఈసారి మీరాబీ తన ప్రతి పరికిణీకీ జేబు కుట్టించుకుంది. అందులో డబ్బీ. ఇప్పటికీ ఆ మేళం వాళ్ళు పెళ్ళి భోజనం అయ్యాక విస్తరి మడిచే ముందు ఒకసారి ఆకంతా తడిమి చూస్తారు. ఇప్పుడు బోసినోరైన బాజీసాహెబు తాత అందరికన్నా ముందు తడుముతాడు.

అదిగో, నవ్వావు. కనపడ్డాయిలే, వెన్నెల్లో చుక్కల్లా ఉన్నాయి.

కథ కంచికి, మనం ఇంటికి,
తీగ పంటికి, నిద్ర కంటికి.